నాలుగు వేళ్ల లోపల

ఆదివారం పొద్దున తాక్వారెంబో ఊళ్లో హెబెర్ మాంసం కొట్టు కిటకిటలాడుతోంది.

సగంమంది మాంసం కోసం వస్తారు. మిగతా సగం ఆ గోల్ కథ కోసం.

"మా అల్లుడు వినలేదట, ఇంకోసారి చెప్పన్నా," అని ఎవరో ఎగదోశారు.

హెబెర్ కత్తి పక్కన పెట్టాడు. అడిగించుకోవడం అతనికీ సరదాయే.

ముప్పై ఎనిమిదేళ్ల కిందట, ఫుట్‌బాల్ ఆటలో రివేరా ఊరి జట్టు మీద, ఆఖరి నిమిషంలో కొట్టిన గోల్ అది. బంతి పైకర్రకు తగిలి, కింద పడి, మళ్లీ బయటికొచ్చేసింది. రిఫరీ గోల్ దాకా పరుగెత్తి, కాసేపు అక్కడే తచ్చాడి, చివరికి విజిల్ ఊదాడు. ఆ ఒక్క గోల్ చూసే రాజధాని క్లబ్బు హెబెర్‌ని తీసుకుంది. తర్వాత మెక్సికో. మొత్తం పదమూడేళ్ల ఆట, నూట నలభై గోల్స్.

"ఆ రిఫరీవి గద్ద కళ్లు. గీతకి మూరెడు లోపల పడింది మరి," అని ముగించాడు.

"మూరెడు కాదు. నాలుగు వేళ్లు," అన్నాడు వరసలో ఉన్న ముసలాయన.

కొట్టంతా గొల్లున నవ్వింది. హెబెర్ ముఖం కందగడ్డ అయింది.

"టేపు పెట్టి కొలిచావేంటి, పెద్దాయనా?"

"కొలవలేదు. చూశాను. నీకంటే దగ్గర్నుంచి."

గోల్ వెనక నిలబడి ఫొటోలు తీసేవాడేమో అనుకున్నాడు హెబెర్.

ముసలాయన కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, అంత అందమైన గోల్ మళ్లీ చూడలేదన్నాడు. దాంతో హెబెర్ కోపం కరిగిపోయింది. పక్కటెముకలతో పాటు రెండు సాసేజీలు ఊరికే కట్టి ఇచ్చాడు.

ఆయన బస్సు వేళయిందంటూ బయల్దేరాడు. రివేరా నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చిన టీచరు ఎల్బా, గుమ్మంలో ఎదురై ఆయన చెంప మీద ముద్దు పెట్టి లోపలికొచ్చింది.

"లాడిస్లావో బాబాయి ఇంత దూరం వచ్చాడే. నువ్వు గోల్ కొట్టావని రేడియోలో చెప్పినప్పుడల్లా మా వీధిలో అందరికీ వైన్ పోసేవాడు," అంది.

"ఎవరాయన?"

"ఆ రోజు మా గోల్‌కీపరు."

వీధి చివర బస్సు మలుపు తిరిగింది.

"నా చేతిలో గోల్ తిని వైన్ పోశాడా?" హెబెర్‌కి నవ్వొచ్చింది.

"రిఫరీకి బంతి కనబడనే లేదు, అన్నా," అంది ఎల్బా. "బాబాయినే అడిగితే, 'లోపలే పడింది' అన్నాడు, ఆ మాటకే మావాళ్లు ఆయన్ని మళ్లీ ఆడనివ్వలేదు."