తొలి ప్రయాణికురాలు

"మీ పెట్టె రాగానే నవ్వుతూ అందుకోండి అత్తయ్యగారూ," అన్నాడు ఎయిర్‌పోర్ట్ మేనేజరు.

"ఎక్కని విమానం దిగడానికి ఇంత ముస్తాబా అల్లుడుగారూ? మీ పెదనాన్న, మా పనిమనిషి కూడా ప్రయాణికులేనా?"

"ప్రారంభోత్సవానికి వచ్చే మంత్రిగారికి కొత్త టెర్మినల్ బోసిగా కనిపిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

అంత పెద్దమనిషి చెవిలో పువ్వు పెడుతున్నాడే అని అత్తగారికి అల్లుడి మీద రోత పుట్టింది.

రిబ్బన్ కత్తిరించిన మంత్రిగారు తిన్నగా ఆమె దగ్గరికే వచ్చారు. "నేను తీస్తానుండమ్మా," అంటూ బెల్టు మీది పెట్టెను బలంగా లాగారు. ఖాళీ పెట్టె భుజం దాకా ఎగిరొచ్చింది.

అల్లుడి ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఇక చీవాట్లు తప్పవని అత్తగారి కడుపు చల్లబడింది.

మంత్రిగారు పెట్టెను మెల్లగా దించారు. మళ్ళీ వంగి, మోయలేనట్టు రెండు చేతులా ఎత్తారు. ఫొటోలు తీయించుకున్నారు.

"పోయినసారి ఇంకో ఊళ్ళో కనీసం ఇటుకలైనా పెట్టారయ్యా," అన్నారు మేనేజరుతో, నవ్వు చెదరకుండానే. తర్వాత ఆమె వైపు తిరిగారు. "ప్రయాణం బాగా జరిగిందా అమ్మా?"

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది.

"మీరు కారులో, నేను ఆటోలో. ఇద్దరం క్షేమంగానే దిగాం బాబూ."