మా నదిలో చేపలెక్కడివి?

"ఈ నదిలో ట్రౌట్ చేప బాగా పడుతుందటగా?"

అడిగినవాడు కొత్త మనిషి. ఆ మాటతో ఆర్లీన్ కాఫీ హోటల్లో స్పూన్ల చప్పుడు ఆగిపోయింది.

మా విస్కాన్సిన్‌లో, అందులోనూ మిషిగన్ సరస్సు ఒడ్డున, కొత్తవాడు అడగకూడని ప్రశ్న ఏదైనా ఉంటే అది అదే. చేప పడే చోటు మావాళ్ళు సొంత తమ్ముడికి కూడా చెప్పరు. పెళ్ళానికి చెబుతారు గానీ, తప్పు చోటు చెబుతారు.

"ట్రౌటా?" ఆర్లీన్ కాఫీ పోస్తూ నవ్వింది. "ఎవరు చెప్పారండీ మీకు? మా నదిలో చేపలెక్కడివి? కప్పలు కూడా అలిగి వెళ్ళిపోయాయి."

అంటూనే వెనక గది తలుపు కాలితో నెట్టి మూసింది. లోపల చేపలు పట్టేవాళ్ళ రబ్బరు ప్యాంట్లు వరసగా ఆరుతున్నాయి.

ఆ హోటలు వెనకాలే ఆర్లీన్ లాడ్జి. ఏటా వసంతంలో ప్రభుత్వం ట్యాంకరులో చేపపిల్లల్ని తెచ్చి మా నదిలో వదులుతుంది. అవి సరస్సుకు పోయి, అక్కడ కొన్నేళ్ళు తిని బలిసి, ఆకులు రాలే కాలానికి మళ్ళీ ఇదే నదికి ఎదురీదుకుంటూ వస్తాయి. వాటి వెనకే గాలాలు పట్టుకుని ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు. ఆ కొద్ది నెలల సందడే ఆర్లీన్‌కు ఏడాదంతా కూడు. ఇప్పుడేమో డబ్బు చాలదు, కొన్ని నదులకు చేపపిల్లలు ఆపేస్తామంటోంది ప్రభుత్వం. వచ్చే వారమే మీటింగు. ఆపేస్తే ఆర్లీన్ లాడ్జికి తాళం వేసుకోవాల్సిందే.

"మరి బయట ఇన్ని బండ్లున్నాయే. ఎవరివి?" కొత్త మనిషి మళ్ళీ అడిగాడు.

"జింకల వేటకొచ్చినవాళ్ళవి సార్," మూల టేబుల్ దగ్గర్నుంచి నార్బ్ అందుకున్నాడు. నార్బ్ ఆర్లీన్ మరిది. అబద్ధాల్లో వదినకు ఏమాత్రం తీసిపోడు. "ఈ ఊరికి అన్నం పెట్టేది జింకలే."

చికాగో నుంచి గాలాలు వేసుకొచ్చిన ఇద్దరు పక్క టేబుల్ దగ్గర బుద్ధిగా తలలూపారు.

"చేపల కోసం ఒక్కరూ రారా?"

"వచ్చి ఏం పట్టుకుంటారండీ, జలుబా?" అంది ఆర్లీన్.

కొత్త మనిషి నవ్వలేదు. అతని ముఖం వాడిపోయింది.

"నా పేరు వెండెల్ అమ్మా. కాస్త ఆలోచించి చెప్పండి. ఆ చేపపిల్లల్ని వదలడం వల్ల మీ లాడ్జికి ఏమైనా కలిసొచ్చిందా?"

ఆర్లీన్ అనుమానం రెట్టింపైంది. చేపల కోసం వచ్చినవాడికి లాడ్జి సంగతి దేనికి?

"చిల్లిగవ్వ కలిసిరాలేదు."

"నిజంగానా?"

"పోయిన మా ఆయన మీద ఒట్టు."

వెండెల్ కాఫీ సగంలో వదిలేసి లేచాడు. కిటికీలోంచి అతని కారు చూసి నార్బ్ పళ్ళు నూరాడు.

"పక్క రాష్ట్రం ఇల్లినాయ్ నంబరు వదినా! వీడు డబ్బు పుచ్చుకుని చేపల వేటకు జనాన్ని పడవలో తిప్పే గైడే. పోయినేడు ఒకడు ఇలాగే తీయగా మాట్లాడి వెళ్ళి నెట్‌లో మన చేపల ఫొటో పెట్టలా? తెల్లారేసరికి ఒడ్డు మీద కాలు పెట్టే చోటు లేదు. ఒక్కడన్నా నీ దగ్గర గది తీసుకున్నాడా?"

"గైడో, పన్నులవాడో. వాడి చూపే బాలేదు."

"అయినా అన్న మీద ఒట్టేశావేంటి వదినా?"

"మీ అన్నే ఉంటే ఇంకా పెద్ద ఒట్టేసేవాడు. ముందు ఊళ్ళో అందరికీ ఫోను చెయ్యి."

వెండెల్ గాలానికి గుచ్చే ఎర్రలమ్మే కొట్టుకు చేరేలోపే నార్బ్ ఫోను చేరింది. కొట్టులో జింకలన్నారు. పెట్రోలు బంకులో జింకలన్నారు. అతను వంతెన మీదికి వస్తుంటే కింద ఉన్నవాళ్ళు గాలాలు రెల్లులో పడేసి, కొంగలు చూడ్డానికొచ్చినట్టు ఆకాశంలోకి చూశారు. చీకటి పడకముందే అతను ఊరు విడిచి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆర్లీన్ హోటల్లో అదొక పండగ.

మీటింగు ఫైర్ స్టేషన్ షెడ్డులో జరిగింది. ఊరంతా వచ్చింది. చేపల శాఖ నుంచి వచ్చిన ఆఫీసరమ్మ సాగదీయకుండా చెప్పేసింది.

"వచ్చే వసంతం నుంచి మీ నదికి చేపపిల్లలు రావు."

ఆర్లీన్ దిగ్గున లేచింది.

"అదెలా కుదురుతుందమ్మా? మా గదులు నిండేది ఆ చేపల వల్లే! అవి లేకపోతే నా లాడ్జి ఉండదు, నేనూ ఉండను. ఎవరినైనా అడగండి!"

"ఎర్రల కొట్టూ ఉండదు!" "బంకూ ఉండదు!" షెడ్డంతా గోల.

ఆఫీసరమ్మ గోల సద్దుమణిగేదాకా ఆగింది.

"మమ్మల్ని చూస్తే ప్రతి ఊరూ ఇదే మాట చెబుతుందమ్మా. అందుకే ఆఫీసులో ఎవరూ నమ్మరు. మీ నదిని మొదటే కొట్టేద్దామన్నారు. ఒకాయన మాత్రం ఒప్పుకోలేదు. ఆ చేపల మీద ఆ ఊరు బతుకుతోంది, నేను రుజువు చేస్తానన్నాడు. తానెవరో తెలిస్తే ఉన్నదానికి రెండింతలు చెబుతారు, తెలియకపోతే ఉన్నదే చెబుతారని సెలవు పెట్టి, అద్దె కారు తీసుకుని మీ ఊరొచ్చాడు."

నార్బ్ తల వంచుకున్నాడు. తెలిసిపోయినా, అతను కాకూడదని దేవుణ్ణి వేడుకుంటూ అడిగింది ఆర్లీన్.

"ఎవరమ్మా ఆయన?"

"వెండెల్ అని. మా ఆఫీసులో మీ తరఫున పోట్లాడిన మనిషి ఆయనొక్కడే. తిరిగొచ్చాక, 'పాపం, ఆ ఊరివాళ్ళు నాతో అబద్ధమెందుకు చెబుతారు?' అని ఆయనా పోట్లాడ్డం మానేశాడు."