అన్నీ మర్చిపోయే కంప్యూటర్

జయరాజు లేచి వెళ్ళాడంటే నవనీతకు పని రెట్టింపయ్యేది.

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఆమెది చిన్న ఆన్‌లైన్ సెంటర్. ఉన్నది ఒకటే కంప్యూటర్. పేరు, ఊరు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోమని, వచ్చినవాళ్ళ వైపు ఇంకో తెర తిప్పి పెట్టింది.

జయరాజు అనే ఆ పెద్దాయన మొదటిసారి పెన్షన్ పని మీద వచ్చాడు. ఆమె ఫోటో సైజు తగ్గిస్తుంటే తన వైపు తెర మీద ఓ మూలన వచ్చిన ప్రకటనను, ఆమె మొహాన్ని మార్చి మార్చి చూశాడు.

మర్నాటి నుంచి పొద్దున షటర్ ఎత్తగానే వచ్చేవాడు. కాసేపు కంప్యూటర్ ముందు కూర్చుని, ఏదో చేసి, డబ్బులిచ్చి పోయేవాడు.

పోతూ ఒకటే మాట అనేవాడు.

"ఇప్పుడు దీనికేం తెల్వదు తల్లీ."

నిజంగానే దానికేమీ తెలిసేది కాదు. ఏ సైటు తెరిచినా ఆమెను కొత్త మనిషిలా చూసేది. పాస్‌వర్డ్ కొట్టమనేది, ఓటీపీ చెప్పమనేది. కులం సర్టిఫికెట్లకు వచ్చిన జనం ఎదురుగా నిలబడి గొణుక్కునేవారు. అసలే ఆమెకు ఒంట్లో ఓపిక లేదు.

ఓపిక ఎందుకు లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు.

రొమ్ములో గడ్డ ఉందని వనపర్తి దవాఖానలో చెప్పారు. ఇంకో పరీక్షకు రమ్మన్నారు. ఆమె వెళ్ళలేదు. తెలిసిందంటే అత్త అమృతమ్మ ముందు షాపు మూయిస్తుంది. నాది అని చెప్పుకోవడానికి నవనీతకు ఉన్నది ఆ షాపు ఒక్కటే. అడ్మిషన్ల గిరాకీ తగ్గాక చూద్దాంలే అనుకుంది.

సాయంత్రం జనం పోయాక ఆ గడ్డ గురించి, ఆస్పత్రుల గురించి కంప్యూటర్లో వెతికేది. కుకీలకు ఒప్పుకుంటారా అని ప్రతి సైటూ అడిగేది. చదివే తీరిక ఎవరికుంది? 'అన్నీ ఒప్పుకుంటున్నా' అని నొక్కేసేది.

లేచేముందు చూసిన పేజీల జాబితా చెరిపేసేది. కుకీల గడిలో మాత్రం టిక్కు తీసేసేది. అవి కూడా పోతే పొద్దున్నే పాస్‌వర్డులన్నీ మళ్ళీ కొట్టాలి మరి. జాబితా పోయింది కదా, ఇక గుట్టు బయటపడదనుకునేది.

ఒకరోజు ఆమెకు విసుగు ఆగలేదు.

"రోజూ ఏం జేస్తుండ్రు సార్ మీరు? మీరు పోయినంక అన్నీ మల్ల మొదటికొస్తున్నయ్."

"కుకీలు తుడుస్తున్న తల్లీ. మనల్ని గుర్తుపట్టనీకె సైట్లు కంప్యూటర్ల గుర్తులు పెట్టి పోతయి. మనమేం చూసినమో ప్రకటనలోళ్ళు వాటితోనే పట్టుకుంటరు. ఇది మంది చూసే తెర గద."

తమ ఇంట్లో ఫోన్ కూడా ఇలాగే ప్రకటనలతో వెంటపడితే నేర్చుకున్నానన్నాడు. 'అవసరమైనవి చాలు' అని ఉన్నచోట అది నొక్కమన్నాడు. బయటివాళ్ళ కుకీలను ఆపే మీట సెట్టింగుల్లో చూపించబోయాడు. సొంత సంగతులేమైనా చూసుకోవాలంటే ప్రైవేట్ విండో తెరిచి, చూడగానే మూసేయమన్నాడు.

ఆ చివరి మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది.

"నా కంప్యూటర్ల నేనేం దాస్తున్న సార్? రేపటి సంది రాకుండ్రి."

ఆయన మౌస్ వదిలి లేచాడు.

"సరే తల్లీ" అని చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

తర్వాత ఆమె ప్రాణానికి హాయిగా అనిపించింది. పాస్‌వర్డుల గోల లేదు. ఈ మాట ఎప్పుడో అనాల్సింది అనుకుంది.

కొన్నాళ్ళకు ఫోటోలు చిన్నవి చేసే సైటు తెరిస్తే చుట్టూ ఆస్పత్రుల ప్రకటనలు రావడం ఎక్కువైంది. ఒకటి మూస్తే ఇంకొకటి. అందరికీ వస్తాయేమోలే అని సర్దిచెప్పుకుంది.

ఒక మధ్యాహ్నం అమృతమ్మ అన్నం డబ్బా తెచ్చి, జనం వైపు బల్ల మీద కూర్చుంది. ఆమె పెద్దతనంలో అక్షరాలు నేర్చుకుంది. బస్సు బోర్డులతో సహా కనపడిందల్లా పైకి చదువుతుంది. తెర మీదిదీ కూడబలుక్కుంటూ చదివింది.

"రొమ్ములో... గడ్డా... భయ... పడకండి."

ఇది అందరికీ వస్తుందా అని పక్కనున్న ఈరన్నను అడిగింది. అతను ఫోటో పనికి వచ్చిన రైతు, పాపం ఏమీ తెలియనివాడు.

"ఏది ఎతికితే గదే వస్తది పెద్దమ్మా. నా ఫోన్ల అన్నీ బోరు మోటర్లే."

అమృతమ్మ కోడలి వైపు చూసింది.

"నువ్వేం ఎతికినవే నవనీతా?"

నవనీత ఉన్నదంతా చెప్పేసింది. అబద్ధం ఆడటానికి కూడా ఓపిక కావాలి.

మర్నాడు షటర్ లేవలేదు. ఇక షాపూ లేదు గీపూ లేదని తేల్చేసి, అమృతమ్మ కోడల్ని వనపర్తి తీసుకెళ్ళింది.

నర్సు కృప నవనీతను చూడగానే గుర్తుపట్టింది. ఇన్నాళ్ళు ఎందుకు ఆగావని కోప్పడింది.

"జయరాజు సార్ తీస్కొచ్చిండా అక్కా? రెండో పరీక్షకు వచ్చినవా అని నాకు ఫోన్ జేసి అడుగుతనే ఉండె. నువ్వే చెప్పుకునేదాంక నీ ముందర ఈ మాట తియ్యను అనె."

"ఆయనకు నేనెట్ల తెలుసు?"

"ఆయన భార్యకు గూడ ఇదే రోగం. నువ్వొచ్చిన నెలల్నే పోయింది పాపం. నువ్వొచ్చిన దినం ఆయన నీ పక్కపొంటే కూసుండె గద."

కృప గోడవారగా ఉన్న బల్లను చూపించింది. నవనీత వెళ్ళి దాని మీద కూర్చుంది.

ఆ రోజు ఆ బల్ల మీద కొంగుతో మొహం కప్పుకుని, ఇంట్లో తెలియొద్దని ఆమె ఏడుస్తుంటే, "ఎవ్వరికీ తెల్వనియ్యం తల్లీ" అని పక్క నుంచి మాటిచ్చిన గొంతు జయరాజుదే.