ఏ సూది మంచిది?

"పెన్నా, రేడియో ఫ్రీక్వెన్సీయా? మీరే తేల్చుకోవాలి," అంది చర్మం డాక్టరు, రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టి.

టైలరమ్మ రెండూ చూసింది. ఒకదాంట్లో పెన్నులాంటి పరికరం, దాని మొనకి సన్నటి సూదులు. రెండోదాంట్లోనూ సూదులే, కాకపోతే చర్మంలో దిగాక వేడి కూడా వదులుతాయట. రెండు కాగితాల మీదా ఒకే అమ్మాయి నవ్వుతోంది. గట్టిగా పాతికేళ్ళుండవు. ఆ పిల్లకి ఈ సూదులు దేనికో అచ్చు వేసినవాళ్ళకే తెలియాలి.

"గుడ్డకి పొడిస్తే చిల్లు పడుతుంది. చర్మానికి పొడిస్తే పూడుతుందా?"

"పూడుతుంది. ఆ గాయాలు మానేటప్పుడే లోపలి నుంచి చర్మం బిగువుగా తయారవుతుంది."

టైలరమ్మ ముప్పై ఏళ్ళుగా సూదితోనే బతుకుతోంది. సూదంటే భయం లేదు. ఉన్నదల్లా అలసటే. పొద్దున్నే లేచి ఆరు స్కూలు యూనిఫారాలు కత్తిరించి వచ్చింది. మెత్తటి కుర్చీ దొరికేసరికి కళ్ళు మూతలు పడుతున్నాయి.

"మీకు ముఖ్యంగా ఏం పోవాలి? ముడతలా, మచ్చలా?"

ఈ ప్రశ్నకి అందరూ ఏ సినిమా నటి ఫొటోనో చూపించి ఇలా కావాలంటారు. టైలరమ్మ ఫోన్ తీసి ఒక ముసలావిడ ఫొటో చూపించింది.

"ఇలా ఉండకూడదు."

డాక్టరు ఆ ఫొటోనీ, ఎదురుగా ఉన్న మొహాన్నీ మార్చి మార్చి చూసింది. అవే జారిన దవడలు. కనుబొమల మధ్య అవే రెండు గీతలు.

"ఎవరమ్మా ఈవిడ? అచ్చుగుద్దినట్టు మీరే!"

"మా నాయనమ్మ. యాభై దాటాక నాకు ఆవిడ పోలిక వచ్చేసింది."

"వయసు ఎవరికి రాదు చెప్పండి."

"వయసు గురించి కాదండీ." టైలరమ్మ ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. "ఇంట్లో మనిషి నా మొహం చూడటం మానేసి ఆరు నెలలైంది. నేను గదిలోకి వెళితే గోడవైపు తిరుగుతారు. నేను పెడితే ఒక్క ముద్ద ముట్టరు. తొమ్మిది కిలోలు తగ్గిపోయారు."

మత్తు క్రీమ్ సిద్ధం చేస్తున్న నర్సు చెవులు రిక్కించింది. "మరి పస్తులేనా ఆంటీ?"

"పక్కింటావిడ తెచ్చి పెడితే తింటారు. ఆవిడతో నవ్వుతారు కూడా."

"ఆవిడకి ఎన్నేళ్ళు?"

"ముప్పై ఉంటాయేమో."

నర్సు డాక్టరు వైపు చూసింది. డాక్టరు కాగితాల వైపు చూసింది.

"వచ్చే నెలాఖరుకి ఆవిడ ఇల్లు మారిపోతోంది," అంది టైలరమ్మ.

"పీడా పోయింది!" అంది నర్సు.

"అందుకేనమ్మా నాకీ తొందర." టైలరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకునే ఓపిక లేక అలాగే వదిలేసింది. "ఆవిడ వెళ్ళేలోగా ఈ మొహం మారాలి. జుట్టుకి రంగేశాను. లేత రంగు బట్టలు కుట్టుకున్నాను. ఇంట్లో మాస్కు పెట్టుకుని కూడా చూశాను. ఏదీ పనిచెయ్యలేదు."

నర్సుకి ఒళ్ళు మండింది. "ఇన్నాళ్ళూ చాకిరీ చేయించుకుని ఇప్పుడు మొహం నచ్చలేదా? అసలు సూదులు గుచ్చాల్సింది మీకు కాదు ఆంటీ!"

"అలా అనకు తల్లీ. తప్పు ఆ మనిషిది కాదు."

ఇలా అనే ఆడవాళ్ళని నర్సు చాలామందినే చూసింది. మూతి ముడుచుకుని తన పనిలో పడింది.

డాక్టరు గొంతు సవరించుకుని అసలు సంగతికి వచ్చింది. పెన్నుతో అయితే నెలకొకటి చొప్పున నాలుగు సిట్టింగులు. ఒకటి రెండు రోజులు ఎరుపు ఉంటుంది. చర్మం నున్నబడుతుంది కానీ దవడ అలాగే ఉంటుంది. రెండోదైతే మూడు సిట్టింగులు. దవడ కొంత బిగుస్తుంది. కాకపోతే మూడు నాలుగు రోజులు ఎరుపూ, వాపూ తప్పవు. తేడా తెలియడానికి మూడు నెలలైనా పడుతుంది.

"వచ్చే నెలాఖరుకల్లా ఏదీ అద్భుతం చెయ్యదమ్మా. ముందే చెబుతున్నాను."

"ఎరుపంటే... కోపంగా ఉన్నట్టు కనిపిస్తానా?"

డాక్టరుని ఇంతవరకూ ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. "ఎండలో తిరిగొచ్చినట్టుంటారు. అంతే."

టైలరమ్మ కొలత తీసుకుంటున్నట్టు చెవి దగ్గర్నుంచి గడ్డం దాకా వేలు జరుపుకుంది. పెన్నుతో త్వరగా మానుతుంది, కానీ నాయనమ్మ దవడ ఎక్కడికీ పోదు. రెండోది ఆలస్యం. అయినా ఆ దవడని ఎంతో కొంత వదిలించుకోవచ్చు. అంతదాకా ఇంట్లో మనిషి ఏం తిని బతకాలో ఆమెకి తోచలేదు.

"రెండోదే చెయ్యండి. ఇవాళే మొదలుపెట్టండి."

"నాయనమ్మంటే అంత గిట్టదా మీకు?" నవ్వుతూ అడిగింది డాక్టరు.

"లేదండీ. నన్ను అరచేతుల్లో పెట్టుకుని పెంచింది. నన్ను మాత్రం."

రెండు గంటల తర్వాత మండుతున్న మొహంతో టైలరమ్మ బయటికొచ్చింది. బస్సులో నిలబడే కునికిపాట్లు పడింది. ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. పక్కింటి తలుపుకి తాళం వేసి ఉంది.

ఇక తప్పదు. చేతులు కడుక్కుని గిన్నెలో అన్నం కలిపింది. గది గుమ్మం దగ్గర ఆగి మొహానికి నవ్వు తెచ్చుకుంది. నవ్వితే బుగ్గలు చురుక్కుమన్నాయి. అయినా నవ్వుతూనే లోపలికి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, చెంచా ముందుకి చాపింది.

మంచం మూలకి ఒదిగిపోయి, రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని, కన్నతల్లి ఆమెతో అంది: "కొట్టకండత్తయ్యా, నేనింకా ఏమీ తినలేదు."