పంపినవారి పేరు

“బోధన్ల రాయి చెక్కేటోనికి చెప్పు. సమాధి మీద ‘ప్రియమైన భార్య’ అని వద్దు, ఉత్త పేరు సాలు,” అంటూ జయరత్నం చనిపోయిన భార్య ఎస్తేరు ఫోన్‌ను తమ్ముడి కూతురు కెజియా ముందుకు తోశాడు.

తెరపై పూల బొమ్మ, దాని కింద రెండు వాక్యాలు: ‘ఎస్తేరుకు పెండ్లిరోజు శుభాకాంక్షలు. నువ్వు లేకుంటే నాకు తెల్లారదు.’

“పంపినోని పేరు లేదు సూడు. గా కోటగిరి శాంతి కుమారే. చర్చిల పాటలు నేర్పుకుంట దీన్ని చూసి పళ్లికిలిస్తుండె.”

కెజియా నవ్వబోయి ఆగింది. “చర్చి కోసం గీ శుభాకాంక్షల పేజీ చేసింది నేనే పెద్దబాపు. ఎవరికి పంపాలె, ఎవరు పంపుతున్నరు అని అడుగుతది. రెండు పేర్లూ లింకులకు పోతయి. లింకులకెల్లి తీసి పేజీ మీద చూపియ్యమని టెంప్లేట్ల, అంటే పేజీ నమూనాల, రాయాలె. ఎవరికన్నది రాసిన. ఎవరన్నది మరిచిన.”

“అంటే వాని పేరు లింకుల ఉన్నట్టేనా?”

ఆమె లింకును చివరిదాకా జరిపి చూసింది. తర్వాత అది వచ్చిన మెసేజ్ కూడా తెరిచి చూసింది.

“నీ పేరే ఉన్నది.”

“నేనెప్పుడు పంపిన? ముప్పై ఏండ్లల్ల గసొంటి మాట ఒక్కసారన్న అనలే.”

“పెద్దమ్మ నంబరుకెల్లి పెద్దమ్మ నంబరుకే వచ్చింది. తనే రాసుకున్నది.”

జయరత్నం తెర వంక చూస్తూ కూర్చున్నాడు. రాసుకున్న మనిషికి కూడా అక్కడ అతని పేరు కనిపించలేదు.

“ఇప్పుడే సరిజేస్త పెద్దబాపు.”

“గదుండనీ. రాయి మీద ‘ప్రియమైన భార్య’ అనే చెక్కియ్యి. కింద నా పేరు గూడ. గీసారి మరవకు.”