గంతలు కట్టిన ఆకాశం

అన్యాయం జరిగింది ఎవరికి? రేహానాకు.

ఎలా జరిగింది? ఆమె ఏళ్ళ తరబడి కూర్చుని రాసిన సాఫ్ట్‌వేర్‌ తెరిస్తే మొదట కనిపించేది ఉమామహేశ్వరరావు గారి పేరు. ఆమె పేరు ఎక్కడా లేదు.

రేహానా ఏలూరులో తివాచీలు నేసే కాలేషా గారి అమ్మాయి. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో తాత్కాలిక పరిశోధకురాలు. ఉమామహేశ్వరరావు గారు అక్కడ భౌతికశాస్త్ర విభాగాధిపతి. గురుత్వాకర్షణ మీద డాక్టరేట్ తీసుకున్నవారు ఆ చుట్టుపక్కల మరొకరు లేరు. అందువల్ల అత్తిలిలో విజ్ఞాన సభ జరిగినా, పెదవేగిలో జరిగినా శాలువా ఆయన భుజాల మీదికే చేరేది.

కొల్లేటిలో గుర్రపుడెక్క ఏ ఒడ్డుకు చేరిందో చూసి, గాలి ఎటు వీచిందో పడవవాళ్ళు చెబుతారు. రేహానా సాఫ్ట్‌వేర్ చేసేదీ అటువంటి పనే. గెలాక్సీలు గుంపులు కట్టిన తీరు చూసి, వాటిని లాగిన గురుత్వాకర్షణ ఐన్‌స్టీన్ చెప్పినదో, మరొక సిద్ధాంతం చెప్పినదో తేలుస్తుంది.

"సార్, నా పేరు కూడా పెడితే బాగుంటుందండీ" అని ఆమె ఒకసారి అడిగింది.

"కంప్యూటరు కాలేజీది. కరెంటు కాలేజీది. ఏసీ కూడా కాలేజీదే. ఇందులో నీదేముందమ్మా?"

"ఆలోచన అండీ."

"అది ఏసీలో కూర్చోబట్టే కదమ్మా వచ్చింది."

ఆమె వెళ్ళి మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుంది.

ఇంతలో ఆకాశాన్ని సర్వే చేసే ఒక పెద్ద సంస్థ తమకు ఇటువంటి సాఫ్ట్‌వేర్ కావాలని ప్రకటించింది. ఎంపికైనదాన్ని రాసినవారికి శాశ్వత ఉద్యోగం. రేహానా తాత్కాలిక ఉద్యోగానికి ఆ నెలాఖరుతో గడువు ముగుస్తోంది. దరఖాస్తు మాత్రం ఉమామహేశ్వరరావు గారి పేరు మీదనే వెళ్ళింది.

ఎంపికకు గంతల పరీక్ష నెగ్గాలి. ఆ రంగంలో అది ఆచారం. పరీక్షకులు తమకు నచ్చిన గురుత్వ సూత్రం ఒకటి తీసుకుని, కంప్యూటరులో ఒక కృత్రిమ ఆకాశాన్ని సృష్టిస్తారు. సూత్రానికి తాళం వేసి, ఆకాశాన్ని మాత్రం అందరికీ ఇస్తారు; దాన్ని చూసి సూత్రం ఏదో చెప్పాలి. జవాబు ముందే తెలిస్తే లెక్కను దాని వైపు వంచగల మేధావులకు మన దేశంలో కొదవ లేదు కనుక ఈ జాగ్రత్త.

పరీక్ష ఏలూరులో జరిగింది. పరీక్షకురాలు వెంకటసుబ్బలక్ష్మి గారు, పరిశోధన సంస్థలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దావిడ. ఆ ఆకాశాన్ని తయారు చేసినది ఆవిడే. లెక్క అందరి ఎదుట నడవాలనీ, వచ్చిన జవాబు మార్చకూడదనీ ఆవిడ నియమం.

మొదట వచ్చిన బృందాలన్నీ ఐన్‌స్టీన్ అనే చెప్పాయి. ఐన్‌స్టీన్‌తో ఎవరికీ పేచీ రాదు.

రేహానా మీట నొక్కింది. తెర మీదికి వింత సూత్రం ఒకటి వచ్చింది. అందులో గురుత్వాకర్షణ దగ్గరలో మామూలుగా లాగుతుంది. దూరం పెరిగేకొద్దీ సడలుతుంది. మరీ దూరమయ్యాక మళ్ళీ బిగుసుకుంటుంది.

హాలులో గుసగుసలు మొదలయ్యాయి. ఉమామహేశ్వరరావు గారు రేహానా వైపు వంగారు.

"ఇదేంటమ్మా? ఐన్‌స్టీన్ అని మార్చెయ్యి."

"మార్చకూడదండీ. అయినా లెక్క సరిగానే ఉందండీ."

"నా పరువు?"

"దానికి లెక్క లేదండీ."

వెంకటసుబ్బలక్ష్మి గారు తలెత్తారు. "ఏవండీ, ఈ జవాబుకు బాధ్యులెవరు?"

ఉమామహేశ్వరరావు గారు ఆలస్యం చేయకుండా లేచారు.

"అమ్మాయేనండీ. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఆవిడే రాసింది. నాకేం సంబంధం లేదండీ. పిల్లల్ని ప్రోత్సహిద్దామని నా పేరు పెట్టుకోనిచ్చానంతే."

"మంచి మనసండీ మీది. అలాగే రాయిస్తున్నాను."

గుమాస్తా రాసుకున్నాడు. ఆయన సంతకం చేశారు. దరఖాస్తు మీద పేరు మారింది.

"మరి ఈ సూత్రం మీకెప్పుడైనా ఎదురుపడిందా అండీ? గురుత్వాకర్షణ మీద డాక్టరేట్ కదా, అడుగుతున్నాను."

"జన్మలో చూడలేదండీ. ఇలాంటిది రాసినవాడికి డిగ్రీ ఎవరిచ్చారో గానీ, వాళ్ళను అనాలి."

హాలంతా నవ్వింది. వెంకటసుబ్బలక్ష్మి గారు నవ్వలేదు.

"ఆ మాట కూడా రాసుకోవయ్యా. సంతకం పెట్టండి."

ఆయన ఉత్సాహంగా పెట్టారు.

అప్పుడు ఆవిడ తాళం తీశారు. దాచిన సూత్రం తెర మీదికి వచ్చి రేహానా సూత్రం పక్కన నిలిచింది. రెండింటికీ ఏ తేడా లేదు. నవ్విన హాలే చప్పట్లు కొట్టింది.

ఉమామహేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. "నిజానికండీ, దీని వెనక మార్గదర్శనం అంతా..."

"కూర్చోండి. ఉద్యోగం అమ్మాయిది" అన్నారు వెంకటసుబ్బలక్ష్మి గారు.

తరువాత ఆవిడ ఆ సూత్రాన్ని ఎక్కడి నుంచి తీసుకున్నదీ సభకు చదివి వినిపించారు: అది ఉమామహేశ్వరరావు గారికి డాక్టరేట్ తెచ్చిపెట్టిన సిద్ధాంతవ్యాసంలో నాలుగో అధ్యాయం; ఆయనతో కలిసి చదువుకున్న రోజుల్లో ఆ అధ్యాయాన్ని తానే రాసి, దాన్ని ఆయన పేరుతో అచ్చులో చూసుకున్న వెంకటసుబ్బలక్ష్మి గారికి ఆయన పడిన బాకీ, ‘జన్మలో చూడలేదు’ అన్న ఆయన సంతకంతోనే, ఆనాటితో పూర్తిగా తీరిపోయింది.