బిస్కెట్ డబ్బా మేస్త్రీ

"మీరు ఊఁ అంటే ఈ పెట్టె ఇటునుంచి ఇటే ఇంటికి పట్టుకుపోతాను మేస్త్రీగారూ. రావుగారికి నేను చెప్పుకుంటాను," అన్నాడు సువర్ణరాజు.

అంబాసిడర్ బానెట్ కింద దూరిన సవరయ్య తల ఎత్తలేదు, బదులూ ఇవ్వలేదు. ఆయనకు గీర ఎక్కువని నూజివీడులో అందరూ అనుకునేదే. వెనకనుంచి ఎంత పెద్దమనిషి పలకరించినా తిరిగి చూడడు.

జోజమ్మ టీ గ్లాసుతో వచ్చి మొగుడి భుజం తట్టింది. ఆయన నడుం ఎత్తి, సువర్ణరాజు మొహంలోకి కళ్లార్పకుండా చూశాడు. ఆ చూపుకే అబద్ధాలాడే కస్టమర్లు తడబడి నిజం కక్కేస్తుంటారు.

"ఏంట్రా?"

"పందెం వద్దు మేస్త్రీగారూ."

"ఎందుకు? ఓడిపోతావని భయమా?"

"గెలుస్తానేమోనని."

సవరయ్య పగలబడి నవ్వాడు. సువర్ణరాజుకు మాత్రం నవ్వు రాలేదు. అయిదేళ్లు ఈ షెడ్డులో పని నేర్చుకుని, జోజమ్మ చేతి అన్నం తిన్నవాడు. మూడేళ్ల కిందట బస్టాండు దగ్గర రేడియో షాపు పెట్టుకున్నాడు. కంప్యూటరంటే జనం పేపర్లో ఫొటో చూడటమే తప్ప ఎరగని రోజుల్లో, మద్రాసు నుంచి చిప్పులు తెప్పించి, ఏడాదిన్నర కుస్తీపట్టి, కారు ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ సొంతంగా తయారుచేశాడు. ప్రయోగాలకు పాత ఇంజన్ ఊరికే ఇచ్చింది కూడా సవరయ్యే.

ఆ సంగతి ఎవరో ఆగిరిపల్లి మామిడితోటల ఆసామి లక్ష్మీనరసింహారావుకు చేరవేశారు. ఆయనకు రెండు కార్లు, మూడు లారీలు. ఒకే కారు, ఒకే బరువు, లీటరు పెట్రోలు. ఒకసారి సవరయ్య చేతి ట్యూనింగుతో, ఒకసారి పెట్టెతో నడపాలి. ఏది ఎక్కువ దూరం తీసుకెళితే వాళ్లకే తన బళ్ల పనంతా అన్నారాయన. ఆ బళ్లు పోతే సవరయ్య షెడ్డుకు మిగిలేవి నాలుగు స్కూటర్లు.

రావుగారు రానే వచ్చారు. మనుషులు డిక్కీలోకి రసాల బుట్టలు ఎక్కిస్తుంటే, ఆయన పెట్టె వంక చూసి పెదవి విరిచారు.

"ఈ బిస్కెట్ డబ్బా ఏంచేస్తుందయ్యా?"

"ఇంజన్ వేగాన్ని బట్టి స్పార్కు ఎప్పుడు పడాలో లెక్క కడుతుందండి. ఇదిగో, ఇది పాత గ్రామఫోనులో చప్పుడు పట్టే ముక్క. దీన్ని ఇంజన్‌కు బిగిస్తాం. స్పార్కు ముందే పడి లోపల టకటకా కొట్టుకుంటే వింటుంది. వెంటనే పెట్టె స్పార్కును కాస్త వెనక్కి జరుపుతుంది. అప్పుడు ఈ ఎర్రలైటు వెలుగుతుందండి."

"వినడానికి మా సవరయ్య చెవి ఉండగా ఇదెందుకూ," అన్నారు రావుగారు.

సవరయ్య పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన రెండు మరలు తిప్పి, "ఎక్కండి," అన్నాడు.

రావుగారే నడిపారు. పక్కన సవరయ్య, వెనక సువర్ణరాజు. ఆగిరిపల్లి దారిలో ఎత్తు రాగానే ఇంజన్ టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"మేస్త్రీగారూ, కొడుతోందండి," అన్నాడు సువర్ణరాజు మెల్లగా. ఆయన తిరగలేదు. అరచేయి డాష్‌బోర్డు మీద ఆనించి, తోటలు చూస్తూ కూర్చున్నాడు. తొమ్మిదో కిలోమీటరు రాయి దాటగానే లీటరూ అయిపోయి బండి ఆగిపోయింది.

షెడ్డుకు తిరిగొచ్చాక పెట్టె బిగించే పని. ప్రత్యర్థి పెట్టెకు సవరయ్యే స్పానర్ పట్టాడు. ఇంజన్ మీద అరచేయి వేసి తడిమి, "ముక్క ఇక్కడ పెట్టరా. కొట్టుడు బాగా తగిలేది ఇక్కడే," అని చోటు చూపించాడు. తన మెడకు తనే ఉరి బిగించుకుంటున్నాడే ఈయన, అనుకున్నాడు సువర్ణరాజు.

మళ్లీ అదే దారి, అదే ఎత్తు. టక్కున ఒక చప్పుడు, ఎర్రలైటు మెరుపు, అంతే. ఇంజన్ మెత్తగా ఎత్తు ఎక్కేసింది. ఆ లైటు మీదనుంచి చూపు తిప్పని సవరయ్య పసివాడిలా తొడ చరుచుకున్నాడు.

"ఒరేయ్, కొట్టింది. మళ్లీ ఆగింది. చూశారా రావుగారూ, ఆగింది."

బండి పదకొండో రాయి కూడా దాటి ఆగింది. రావుగారు దిగి, డబ్బాను ఒకసారి నిమిరి, "సరేనయ్యా, ఇక నా బళ్లన్నీ నీవే," అన్నారు. సువర్ణరాజు తల వంచుకున్నాడు.

షెడ్డు దగ్గర పండగలా ఉంది. రావుగారు బుట్టెడు రసాలు దింపించారు. ఓడినాయన వచ్చినవాళ్లందరికీ తనే పళ్లు పంచుతున్నాడు. "రేపట్నుంచి నువ్వూ నేనూ కలిసే పనిరా రాజూ. డబ్బాలు నువ్వు చెయ్యి, బిగించేది నేను," అని సువర్ణరాజు చేతిలో రెండు పళ్లు పెట్టి, అవతలికి తిరిగి పళ్లు కడగడంలో పడ్డాడు.

సువర్ణరాజు కళ్లు తుడుచుకుంటూ జోజమ్మ పక్కకు చేరాడు.

"ఆయన నోటి దగ్గర కూడు తీసేశాను పిన్నీ."

జోజమ్మ ఫక్కున నవ్వింది. "నీ పెట్టె సంగతి రావుగారికి చేరవేసింది ఎవరనుకున్నావు? ఈ మహానుభావుడే. నువ్వు గెలవాలని నెలరోజులుగా ప్రార్థన చేస్తున్నాడు."

"ఎందుకూ?" సువర్ణరాజు నివ్వెరపోయి, మూడడుగుల దూరంలో ఉన్న సవరయ్య వీపు వంక చూసి గొంతు తగ్గించాడు. "మెల్లగా చెప్పు పిన్నీ, మేస్త్రీగారు వింటారు."

"ఆయనకు వినబడక రెండేళ్లయింది నాయనా."